అడుగున చిన్నక్షరాలు

వీరవేణీ,
నిన్న క్లాసయ్యాక నువ్వడిగిన మాట
నా సైకిలు వెనక కూర్చుని ఇంటిదాకా వచ్చింది.
"రాస్తే ఏమొస్తుంది సార్?
వకాల్తా వేస్తే ఫీజయినా వస్తుంది."

నిజమే.
అమలాపురం కోర్టు ఎదురుగా టీకొట్లో
నల్లకోటు భుజానున్నవాడికి అరువైనా ఇస్తారు.
పరిశోధన చేస్తున్నానంటే
పంచదార కూడా సరిగ్గా కలపరు.

అయినా విను.
పోయిన ఆదివారం పంటెక్కి అవతలి లంకకి వెళ్ళావు,
ఇంటర్నల్ మార్కుల కోసమే అనుకో.
పల్లాలమ్మ నీకు చూపించిందేమిటి?
మాసిన ప్లాస్టిక్ సంచిలోంచి ఒక పట్టా,
మడతల దగ్గర చిరిగితే
అన్నం మెతుకులతో అతికించినది.
ఎకరం ముప్ఫై సెంట్లు.
"పొలం ఎక్కడ మామ్మా?" అంటే
చెయ్యి చాపి గోదారి నడిమికి చూపించింది.
అక్కడ ఎవరిదో నాటుపడవ
తాపీగా పోతోంది.

నువ్వప్పుడు ఏమన్నావో నాకు తెలీదు.
నోటుబుక్కులో మాత్రం ఒక్క వాక్యం తెచ్చావు:
"సర్వే నెంబరు ఏటి అడుగున ఉంది."

ఇరవై రెండేళ్ళుగా పాఠం చెబుతున్నాను.
ఆస్తి బదిలీ అంటే
అమ్మకం, తాకట్టు, కౌలు, దానం అని
వేళ్ళు మడిపించి లెక్కపెట్టించాను.
కోతకి జారిపోయిన నేల ఎవరిదో
అవతల మేటవేసిన దిబ్బ ఎవరిదో
ఏ పిల్లా అడగలేదు, నేనూ తలెత్తలేదు.
రిజిస్ట్రారు ఆఫీసు గడప తొక్కకుండా
గోదారి ఏటేటా బదిలీ చేస్తూనే ఉంది.

పుస్తకాల్లో లేదా అంటావు. ఉంటుంది, వెతుకు.
తీర్పుల్లో నదులుంటాయి గాని
వాటిలో బురద ఉండదు.
అప్పీలుదారు ఉంటాడు, ప్రతివాది ఉంటాడు,
మెతుకులతో పట్టా అతికించిన చేతులుండవు.
ఆ ఖాళీ కనిపించిందా,
అక్కడే మొదలుపెట్టు.

ఏ వరదకి ఎన్ని సెంట్లు పోయాయో అడుగు.
అడంగల్ ఒకటి చెబుతుంది, గట్టు ఒకటి చెబుతుంది,
రెండూ రాసుకో.
ప్రతి అంకె పక్కనా చెప్పినవాళ్ళ పేరు పెట్టు.
దిబ్బమీద కంద వేసుకున్న అబ్బులు దగ్గరికీ వెళ్ళు.
వాడు దొంగయితే నీ వ్యాసం సులువవును;
వాడింట్లో మజ్జిగ తాగి చూడు,
వాడూ ఒకప్పుడు మునిగినవాడే.
నీ వాదనకి అడ్డమొచ్చాడని
వాణ్ణి కొట్టెయ్యకు.
కోర్టులో ఒక పక్షాన నిలబడాలి,
కాగితం మీద రెండొడ్డులా నడవచ్చు.

నా సంగతీ చెప్పాలి.
తొంభై ఆరు తుపాను తర్వాత, నీ వయసులో,
కొబ్బరి దింపువాళ్ళ వెంట తిరిగాను.
చెట్టుకి పరిహారం రాశారు,
చెట్టెక్కే మనిషికి రాయలేదు.
పదకొండు పేజీలు రాశాను.
పన్నెండోది రేపు రాద్దామనుకున్నాను.
బీరువాలో వెండిపురుగులు
నాకంటే శ్రద్ధగా చదివాయి వాటిని.
చెప్పినవాళ్ళలో ముగ్గురు పోయారు.
వాళ్ళ సాక్ష్యం నా నోట్లోనే ముసలిదైపోయింది.

నీ మొదటి వ్యాసం వెనక్కి రావచ్చు,
అంచులనిండా ఎర్రసిరాతో.
రానీ. పంటు కూడా వెనక్కొస్తుంది,
ఎక్కేవాళ్ళుంటే మళ్ళీ వెళ్తుంది.

ఎప్పుడో, ఏ ఊళ్ళోనో,
ఒక జూనియరు రాత్రిపూట ఫైలు కట్టుకుంటూ
నీ పేజీ అడుగున చిన్నక్షరాల దగ్గర
వేలు ఆపుతాడేమో:
"పల్లాలమ్మ, లంక రేవు దగ్గర, చెప్పగా రాసుకున్నది."
ఆ వేలికింద గోదారి కాసేపు ఆగదు.
అదేం చేసినా ఆగదు.
కానీ అక్కడొక పొలం ఉండేదని
ఒకడికి తెలుస్తుంది.

శనివారం చివరి పంటు ఆరింటికి.
పెన్నులు రెండు తెచ్చుకో.
ఒకటి నాకివ్వు.